చిట్టెలుక సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది? సూరత్ నుంచి కరీంనగర్ దాకా ప్రాణాంతక జ్వరాల వెనుక ప్రయోగశాల కథ

1994 సెప్టెంబరు మూడో వారం. తాపీ నది వరద తీసి ఎన్నో రోజులు కాలేదు. సూరత్ ఉత్తర భాగాన వేడ్ రోడ్డు పరిసర బస్తీల నుంచి తీవ్ర జ్వరం, దగ్గు, కఫంలో నెత్తురుతో రోగులు ఆస్పత్రులకు చేరసాగారు. చేరిన కొద్ది గంటలకే కొందరు కన్నుమూశారు. ‘ప్లేగు’ అన్న మాట వినిపించగానే నగరం ఖాళీ కావడం మొదలైంది. మరమగ్గాల కార్మికులు, వజ్రాలు సానపట్టేవారు, వ్యాపారులు దొరికిన రైలు, దొరికిన బస్సు ఎక్కారు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది ఊరు విడిచారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ మాత్రలు కరవయ్యాయి. కొన్ని దేశాలు భారత్‌కు విమానాలు నిలిపివేశాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన నగరం సూరత్. తెలుగు మాధ్యమంలో పురపాలక పాఠశాలలు నడిచే ఆ ఊరి భయం తెలుగు పల్లెలకూ చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

దేశం మొత్తం మీద ఆ ఏడాది ప్లేగు ఖాతాలో నమోదైన మరణాలు యాభై పైచిలుకు. సంఖ్యగా చూస్తే పెద్దది కాదు. కానీ ఆ మరణాలకు కారణం నిజంగా ప్లేగేనా అన్న ప్రశ్న ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలను వెంటాడింది. రోగుల్లో చాలామంది ఆస్పత్రికి వచ్చేసరికే మాత్రలు మింగి ఉండటంతో సూక్ష్మజీవిని పెంచి చూపడం కష్టమైంది. ఊపిరితిత్తులను ఇంత వేగంగా ముంచెత్తే జబ్బు మరొకటి కావచ్చుకదా అన్నవారు ఉన్నారు. నేలలోని బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ పేరు, అప్పటికి ఏడాది కిందటే అమెరికాలో వెలుగుచూసిన కొత్త హంటావైరస్ పేరు చర్చల్లోకి వచ్చాయి.

ఈ చిక్కుముడి విప్పేందుకు కేంద్ర ప్రభుత్వం నియమించిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా, ఆపై భారత వైద్య పరిశోధన మండలి అధిపతిగా పనిచేసిన ఆయన సారథ్యంలోని సంఘం ఆ జబ్బు ప్లేగేనని తేల్చింది. అందరూ ఒప్పుకోలేదు. అసలు ప్లేగే రాలేదని వాదిస్తూ 1998లో ప్రజారోగ్య నిపుణులు ఒక వ్యాసమే ప్రచురించారు. 2000లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నాటి సూక్ష్మజీవుల జన్యుపదార్థాన్ని చదివి, అవి ప్లేగు కారక యెర్సీనియా పెస్టిస్ అని ప్రకటించారు.

అంటే సూరత్‌ను కుదిపింది వైరస్ కాదు, బ్యాక్టీరియా. అయినా తీవ్ర వైరస్ వ్యాధుల అధ్యయనంలో చిన్న జంతువుల పాత్రను అర్థం చేసుకోవడానికి సూరత్ కంటే మంచి మొదలు లేదు. ఆ జ్వరం ఒకవేళ నిజంగానే హంటావైరస్ అయి ఉంటే, నాటి ప్రయోగశాలల్లోని ఏ జంతువూ ఆ సంగతి చెప్పగలిగేది కాదు.

గినీ పంది చర్మం మీద రాత

ప్లేగు విషయంలో జంతువుల సాక్ష్యానికి మన దేశంలోనే సుదీర్ఘ చరిత్ర ఉంది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టినప్పుడు అది మనిషికి ఎలా సోకుతుందో ఎవరికీ తెలియదు. 1898 జూన్ 2న కరాచీలో ఫ్రెంచ్ వైద్యుడు పాల్ లూయీ సిమాండ్ ఒక గాజుపాత్రలో ప్లేగుతో తీసుకుంటున్న ఎలుకను, దాని ఒంటి మీది గోమార్ల వంటి చిన్న ఈగలతో సహా ఉంచాడు. పైన జాలీ పంజరంలో ఆరోగ్యంగా ఉన్న మరో ఎలుకను వేలాడదీశాడు. రెండూ ఒకదాన్నొకటి తాకలేవు, గంతులు వేసే ఆ పురుగులు మాత్రం పైకి ఎగరగలవు. కొద్ది రోజులకు పై ఎలుకా ప్లేగుతోనే చనిపోయింది. ఎలుకల నుంచి మనుషులకు ప్లేగును చేరవేసేది ఆ నెత్తురు తాగే పురుగులేనన్న సిద్ధాంతానికి అదే తొలి ఆధారం. చాలామంది నమ్మలేదు. దశాబ్దం గడవకముందే ప్లేగు కమిషన్ శాస్త్రవేత్తలు బొంబాయిలోని ప్లేగు ఇళ్లలో గినీ పందులను వదిలి, వాటి ఒంటి మీద చేరిన పురుగులను లెక్కపెట్టి, కొన్ని గినీ పందులు ప్లేగుతో చనిపోవడం చూశాక వాదన నిలబడింది.

రోగ నిర్ధారణకూ ఇదే జంతువు వాడుకలోకి వచ్చింది. ఆ పద్ధతి సూటైనది. రోగి గజ్జల్లో కట్టిన బిళ్ల నుంచి తీసిన రసినో, కఫాన్నో గినీ పంది పొట్ట మీద వెంట్రుకలు గొరిగిన చోట రుద్దుతారు. కఫంలో ఉండే నానారకాల మామూలు సూక్ష్మజీవులను ఆ చర్మం అడ్డుకుంటుంది. ప్లేగు సూక్ష్మజీవి మాత్రం గొరిగినప్పుడు పడిన సన్నని గీతల్లోంచి లోపలికి చొరబడుతుంది. కొద్ది రోజుల్లో జంతువు చనిపోతే దాని ప్లీహంలో అది ఇంకే కల్తీ లేకుండా దొరుకుతుంది. జంతువు ఇక్కడ ఒక జల్లెడ.

వైరస్‌ల దగ్గరకు వచ్చేసరికి ఈ పని అంత సులువు కాదు. బ్యాక్టీరియాను పళ్లెంలో పోషకాలు పోసి పెంచవచ్చు. వైరస్ బతికి ఉన్న కణంలో తప్ప పెరగదు, పైగా ఎవరి కణంలో పడితే వారి కణంలోనూ పెరగదు. 1993లో అమెరికా నైరుతి ప్రాంతంలో ఆరోగ్యవంతులైన యువకులను ఊపిరాడకుండా చంపిన హంటావైరస్ అక్కడి పొలాల్లో తిరిగే ఒక జాతి చిట్టెలుకలో నివసిస్తుంది. ఆ చిట్టెలుకకు జలుబు పాటి ఇబ్బంది కూడా కలగదు. సూరత్ సంక్షోభం నాటికి ఆ ఊపిరితిత్తుల జబ్బును మనిషిలో మాదిరిగా చూపే ప్రయోగశాల జంతువు ఏదీ లేదు. 2001లో అమెరికా సైనిక పరిశోధకులు దక్షిణ అమెరికాకు చెందిన ఆండిస్ అనే మరో హంటావైరస్‌ను సిరియా హ్యామ్‌స్టర్లకు ఎక్కించినప్పుడు అవి అచ్చం మనుషుల్లాగే ఊపిరితిత్తుల్లో నీరు చేరి చనిపోయాయి. విచిత్రం ఏమిటంటే, 1993 నాటి ఉత్తర అమెరికా హంటావైరస్‌ను ఎక్కిస్తే అవే హ్యామ్‌స్టర్లకు జబ్బు చేయలేదు. ఇద్దరు అక్కాచెల్లెళ్ల వంటి వైరస్‌లు, ఒకే జంతువు, రెండు వేర్వేరు ఫలితాలు.

కాబట్టి 1994లో ఒక నమూనాను గినీ పందిపై రుద్ది, అది హాయిగా తిరుగుతూ ఉంటే వైద్యులు చెప్పగలిగింది ‘బహుశా ప్లేగు కాదు’ అన్నంతవరకే. ఏమిటో చెప్పడానికి ఆ జంతువు వద్ద జవాబు ఉండేది కాదు. జంతువు చావు ఒక సమాచారం. జంతువు బతికి ఉండటం మాత్రం, సరైన జంతువును ఎంచుకున్నామని ముందే తెలిస్తే తప్ప, పెద్దగా ఏమీ చెప్పదు.

గడప, కావలి, కూలిన ఇల్లు

ఒక జంతువు మనిషి జబ్బుకు నమూనాగా పనికిరావాలంటే మూడు సంగతులు కుదరాలి. వైరస్ ఆ జంతువు కణం గడప దాటగలగాలి. లోపల కావలి కాసే రోగనిరోధక వ్యవస్థ దాన్ని వెంటనే పట్టుకోకూడదు. ఆపై జరిగే విధ్వంసం మనిషి శరీరంలో జరిగేదాన్ని పోలి ఉండాలి. మొదటి రెండూ కుదిరి మూడోది కుదరకపోవడం పరిశోధకులను తరచుగా తప్పుదారి పట్టిస్తుంది.

ప్రయోగశాలల్లో అత్యధికంగా వాడేది చిట్టెలుక. తెలుగులో మామూలుగా ఎలుక అనేస్తాం గానీ, ఇంట్లో ధాన్యం కొరికే పెద్ద ఎలుక వేరు, అరచేతిలో పట్టే ఈ చిట్టెలుక వేరు. ఇరవై గ్రాముల అటూ ఇటూ బరువు, మూడు వారాల గర్భం, చౌకగా పెరగడం, జన్యువులను ఇష్టం వచ్చినట్లు మార్చుకునే వీలు దీనికి ఆ స్థానాన్ని తెచ్చాయి. అయితే మనిషిని చంపే వైరస్‌లలో చాలావాటిని ఎదిగిన చిట్టెలుక అవలీలగా వదిలించుకుంటుంది. ఇంటర్‌ఫెరాన్ అనే తొలి హెచ్చరిక వ్యవస్థ దీనిలో చురుకుగా పనిచేయడం ఇందుకు ముఖ్య కారణం.

ఈ అడ్డంకిని దాటడానికి శాస్త్రవేత్తలు పట్టిన దారుల్లో అన్నిటికంటే పాతది, కళ్లు తెరవని పిల్లలను వాడటం. 1948లో అమెరికాలో గిల్బర్ట్ డాల్‌డార్ఫ్, గ్రేస్ సికిల్స్ పోలియో లాంటి జబ్బు చేసిన పిల్లల నుంచి తీసిన నమూనాలను పాలు తాగే చిట్టెలుక పిల్లలకు ఎక్కించి, పెద్ద చిట్టెలుకలకు ఏమీ చేయని కొత్త వైరస్‌ను పట్టుకున్నారు. ఆ ఊరి పేరే దానికి కాక్సాకీ అని స్థిరపడింది. 1952లో పుణెలో మొదలైన వైరస్ పరిశోధన కేంద్రం, నేటి జాతీయ వైరాలజీ సంస్థ, చాలా ఏళ్లు ఇదే పనిముట్టు మీద ఆధారపడింది. 1957లో కర్ణాటకలోని క్యాసనూర్ అడవిలో కోతులు రాలిపోతున్నప్పుడు పిడుదుల ద్వారా వ్యాపించే కొత్త వైరస్ చిట్టెలుకల్లోనే చిక్కింది.

మరో దారి, వైరస్‌ను జంతువుకు అలవాటు చేయడం. ఎబోలా వైరస్ సహజరూపంలో ఎదిగిన చిట్టెలుకను చంపదు. 1990ల చివర్లో అమెరికా పరిశోధకులు ఒక పిల్ల నుంచి మరో పిల్లకు, ఆపై కాస్త పెద్దవాటికి వరుసగా ఎక్కిస్తూ పోయి చిట్టెలుకను చంపగల ఎబోలాను తయారు చేశారు. ఇక మూడో దారిలో వైరస్‌ను కదపకుండా కావలినే తీసేస్తారు. ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని అందుకోలేని చిట్టెలుకలను పుట్టిస్తారు.

ఈ మూడో పద్ధతి ఎందుకు అవసరమైందో గుజరాత్‌కు తెలుసు. 2011 జనవరిలో అహ్మదాబాద్ జిల్లాలోని ఒక గ్రామ మహిళ తీవ్ర జ్వరం, రక్తస్రావంతో ఆస్పత్రిలో చనిపోయారు. ఆమెకు చికిత్స చేసిన వైద్యుడు, సేవ చేసిన నర్సు కూడా ప్రాణాలు కోల్పోయారు. పుణె సంస్థ పరీక్షల్లో అది క్రైమియన్ కాంగో రక్తస్రావ జ్వరమని తేలింది. దేశంలో దాన్ని మనుషుల్లో నిర్ధారించడం అదే తొలిసారి. మనిషికి ఇంతటి విపత్తు తెచ్చే ఆ వైరస్ మామూలు ఎదిగిన చిట్టెలుకను ఏమీ చేయదు, ఇంటర్‌ఫెరాన్ కావలి లేని చిట్టెలుకను మాత్రం కొద్ది రోజుల్లో చంపుతుంది. టీకా, మందు పరీక్షించడానికి జంతువు దొరికింది నిజమే. కానీ కాపలాదారు లేని ఇంట్లో దొంగతనం చూసి, కాపలాదారు ఉన్న ఇంటి గురించి చెప్పాల్సిన పరిస్థితి అది.

కరీంనగర్ పిల్లలు, పుణె చిట్టెలుకలు

తెలుగువారికి ఈ శాస్త్రం దూరపు చుట్టం కాదు. 2003 జూన్ నుంచి ఆగస్టు వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వంటి తెలంగాణ జిల్లాల్లో పిల్లలు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, మూర్ఛలతో పడిపోయారు. సాయంత్రం దాకా వాకిట్లో ఆడుకున్న బిడ్డ మర్నాటికి స్పృహ కోల్పోవడం, ఆస్పత్రిలో చేరిన ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవడం ఆ జబ్బు తీరు. 329 మందికి సోకితే 183 మంది మరణించారు. జపనీస్ మెదడువాపు అనుకున్నారు, పరీక్షల్లో అది కాదని తేలింది. పుణె శాస్త్రవేత్తలు నమూనాల్లో చాందీపుర వైరస్‌ను కనుగొన్నారు. 1965లో నాగపూర్ సమీపంలోని చాందీపుర గ్రామంలో జ్వర పీడితుల నుంచి దాన్ని తొలిసారి వేరుచేశారు. అప్పటి నుంచి నాలుగు దశాబ్దాలు అదొక చిన్న జ్వరపు వైరస్‌గా పుస్తకాల్లో ఉండిపోయింది. ఇసుక ఈగలు దాన్ని మోస్తాయి.

అప్పుడే ఒక వివాదం రేగింది. ఇది మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోయి వచ్చే పక్షవాతం వంటి దెబ్బ అని హైదరాబాద్ శిశువైద్యులు కొందరు వాదించారు. వాళ్ల వాదనకు వారు చూసిన పిల్లలే ఆధారం. వైరస్ అక్కడ దొరికినంత మాత్రాన అదే చంపిందని ఎలా అనగలం? చనిపోయిన పిల్లల మెదడు కణజాలం పరిశోధకులకు దొరకడం చాలా అరుదు. ఏ తల్లిదండ్రులను అడిగినా ఆ దుఃఖంలో ఒప్పుకోవడం కష్టం. గంటల్లో ముగిసే జబ్బులో వైరస్ ఎప్పుడు ఎక్కడికి చేరిందో రోగిలో చూసే వీలూ లేదు.

ఇక్కడ చిట్టెలుక మాట్లాడింది. చాందీపుర వైరస్‌ను కొద్ది రోజుల వయసున్న చిట్టెలుక పిల్లలకు ఏ మార్గంలో ఎక్కించినా అవి మెదడు జబ్బుతో చనిపోతాయి. ఎదిగిన చిట్టెలుకకు చర్మం కిందో, పొట్టలోనో ఎక్కిస్తే ఏమీ కాదు. దాని మెదడులోకే నేరుగా ఎక్కిస్తే మాత్రం చనిపోతుంది. ఈ మూడు వాక్యాల్లో ఉన్న సమాచారం చిన్నది కాదు. చాందీపుర పిల్లలనే ఎందుకు కబళిస్తుంది, అదే ఇంట్లో అదే ఈగలు కుట్టిన పెద్దలు ఎందుకు బాగుంటారు అన్న ప్రశ్నకు రెండు జవాబులు సాధ్యం. పెద్దలకు ఎప్పుడో తేలికగా సోకి ప్రతిరోధకాలు పుట్టి ఉండవచ్చు. ఈ ప్రాంతాల్లో పెద్దల రక్తంలో అటువంటివి కనిపిస్తాయి కూడా. లేదా ఎదిగే శరీరానికి వయసే రక్ష కావచ్చు. మనుషుల్లో ఈ రెంటినీ విడదీయలేం. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన ఎదిగిన చిట్టెలుక చాందీపుర వైరస్‌ను ఎన్నడూ ఎరగదు, అయినా తట్టుకుంటుంది. కాబట్టి పాత సోకుడు లేకుండా వయసు ఒక్కటే రక్షణ ఇవ్వగలదని తేలింది. మెదడులోకి నేరుగా ఎక్కిస్తే చావడాన్ని బట్టి, ఆ రక్షణ మెదడు కణాల బలం కాదని, వైరస్ మెదడు దాకా చేరకుండా ఆపే శక్తి అని అర్థమవుతుంది.

2013లో హరియాణాలోని మానేసర్‌లో ఉన్న జాతీయ మెదడు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు మరో అడుగు వేశారు. చాందీపుర సోకిన చిట్టెలుక మెదడులో నాడీకణాలు తమను తామే చంపుకునే యంత్రాంగం తెరుచుకుంటోందని, ఏ సంకేతం ద్వారా అది జరుగుతోందో చూపారు. వైరస్ మెదడులో నేరుగా విధ్వంసం చేయగలదన్నది దీంతో స్థిరపడింది. కరీంనగర్‌లో ప్రతి బిడ్డకూ అదే జరిగిందని దీనివల్ల రుజువు కాదు, రక్తనాళాల వాదన పూర్తిగా వీగిపోనూ లేదు. చిట్టెలుక చెప్పగలిగింది ‘ఇలా జరగగలదు’ అని. ‘ఇలాగే జరిగింది’ అని చెప్పడం దాని శక్తికి మించినది.

వయసు లెక్కలోనూ ఒక తేడా ఉంది. చిట్టెలుకలో ప్రమాదకాలం పుట్టిన కొద్ది రోజులతో ముగుస్తుంది. 2003లో చనిపోయిన పిల్లల్లో తొమ్మిది నెలల వారి నుంచి పద్నాలుగేళ్ల వారి దాకా ఉన్నారు. పాలు తాగే చిట్టెలుక పిల్లనూ బడికి వెళ్లే బాలుడినీ ఒకే గాటన కట్టలేం.

టీకా దగ్గర ఇదే తేడా అసలు అడ్డంకిగా మారింది. పుణె శాస్త్రవేత్తలు 2009లో వైరస్ పై పొర ప్రొటీన్‌తో చేసిన టీకాను, 2011లో చంపిన వైరస్‌తో చేసిన టీకాను చిట్టెలుకల్లో పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. రెండూ ఆశాజనకంగా కనిపించాయి. కానీ టీకా వేశాక ప్రతిరోధకాలు పుట్టడానికి వారాలు పడుతుంది. ఆలోగా చిట్టెలుక ఎదిగిపోయి, టీకా లేకపోయినా వైరస్‌కు లొంగని వయసుకు వస్తుంది. అందుకే పరీక్షలో వైరస్‌ను సూదితో మెదడులోకే పంపాల్సి వస్తుంది. పొలం గట్టున ఇసుక ఈగ కుట్టడానికీ, పుర్రెలోంచి సూది దించడానికీ ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. సహజమార్గంలో, సహజమైన వయసులో టీకాను పరీక్షించే చిన్న జంతువు చాందీపురకు ఇంకా కావాలి.

2024 వానాకాలంలో ఈ లోటు మళ్లీ గుర్తుకొచ్చింది. జూన్ మొదటి రోజుల నుంచి ఆగస్టు 15 వరకు దేశంలో తీవ్ర మెదడువాపు లక్షణాలతో 245 మంది నమోదు కాగా 82 మంది చనిపోయారని, వారిలో 64 మందికి చాందీపుర నిర్ధారణ అయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ 64 మందిలో 61 మంది గుజరాత్ వారే. గత ఇరవై ఏళ్లలో ఇదే అతిపెద్ద వ్యాప్తి. సూరత్ ప్లేగుకు సరిగ్గా ముప్పై ఏళ్ల తర్వాత అదే రాష్ట్రంలో తల్లిదండ్రులు అదే రకం భయం చూశారు. ఈసారి వైరస్ పేరు త్వరగానే తెలిసింది. ఇవ్వడానికి మందు మాత్రం లేదు.

హైదరాబాద్ టీకా, అలెప్పో హ్యామ్‌స్టర్

సరైన జంతువు త్వరగా దొరికితే ఏమవుతుందో కొవిడ్ చూపింది. 2020 ఆరంభంలో ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో కోట్ల చిట్టెలుకలు ఉన్నా పనికిరాలేదు. వైరస్ పట్టుకునే ఏస్2 అనే గ్రాహకం చిట్టెలుకలో మనిషిది లాగా ఉండదు, గడప దగ్గరే కథ ఆగిపోతుంది. మానవ ఏస్2 జన్యువు చేర్చిన చిట్టెలుకలను 2007లో, పాత సార్స్ కాలంలో, అమెరికా పరిశోధకులు తయారు చేసి ఉన్నారు. అవసరం తీరిపోవడంతో ఆ వంశం గడ్డకట్టించిన వీర్యం రూపంలోనే మిగిలింది. అందులోంచి మందను మళ్లీ పుట్టించి పంచేసరికి నెలలు పట్టింది.

సిరియా హ్యామ్‌స్టర్ ఏ మార్పూ లేకుండానే కొవిడ్‌కు లొంగింది. 1930లో అలెప్పో పరిసరాల పొలంలో తవ్వి తీసిన ఒక తల్లి, దాని పిల్లల సంతతే నేటి ప్రయోగశాల హ్యామ్‌స్టర్లలో దాదాపు అన్నీ. బుగ్గల్లో గింజలు దాచుకునే ఈ ప్రాణి ముక్కు ద్వారా వైరస్ సోకితే బరువు తగ్గుతుంది, ఊపిరితిత్తుల్లో న్యుమోనియా మచ్చలు పడతాయి, పక్క పంజరంలోని దానికి అంటిస్తుంది, రెండు వారాల్లో కోలుకుంటుంది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌ను పుణె సంస్థ ఈ హ్యామ్‌స్టర్లలోనూ, ఎర్రమూతి కోతుల్లోనూ పరీక్షించింది. టీకా వేసిన హ్యామ్‌స్టర్ల ఊపిరితిత్తుల్లో వైరస్ త్వరగా తగ్గిపోయింది.

ఇక్కడా ఒక మెలిక ఉంది. హ్యామ్‌స్టర్ కోలుకుంటుంది కాబట్టి ప్రాణాంతక కొవిడ్‌కు అది సరైన అద్దం కాదు. మానవ జన్యువు చేర్చిన చిట్టెలుక చనిపోతుంది, అయితే దాని చావుకు చాలావరకు కారణం వైరస్ మెదడును ఆక్రమించడం. ఆస్పత్రుల్లో ప్రాణవాయువు అందక పోరాడిన రోగుల్లో జరిగింది అది కాదు. ఒకదానిలో జబ్బు సరైనదే గానీ తీవ్రత చాలదు, మరొకదానిలో తీవ్రత ఉంది గానీ దారి వేరు. మంచి పరిశోధన పత్రాలు రెండు మూడు జంతువుల ఫలితాలను పక్కపక్కన పెట్టేది ఇందుకే. ‘చిట్టెలుకల్లో వంద శాతం రక్షణ’ అన్న శీర్షిక కనిపించినప్పుడు పాఠకుడు అడగదగ్గ మొదటి ప్రశ్న, ఏ వయసు చిట్టెలుక, ఏ మార్గంలో సోకించారు అన్నది.

జంతువులో గెలిచి మనిషిలో ఓడిన మందులు

కొన్ని వ్యాధులకు మనుషుల్లో పరీక్ష జరపడం అసాధ్యం. లోకంలో లేని మశూచికి రోగులను ఎక్కడి నుంచి తెస్తారు? అందుకే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో ఒక ప్రత్యేక నిబంధన తెచ్చింది. మనుషుల్లో సామర్థ్య పరీక్ష అనైతికమో అసాధ్యమో అయినప్పుడు, తగిన జంతువుల్లో ఫలితం చూపి, మనుషుల్లో భద్రత మాత్రం నిరూపిస్తే ఆమోదం ఇవ్వవచ్చు. 2018లో టెకోవిరిమాట్ అనే మశూచి మందు ఇలాగే ఆమోదం పొందింది. సోదర వైరస్‌లు సోకిన కోతులు, కుందేళ్లు ఆ మందుతో బతికిబట్టకట్టాయి.

ఆ తర్వాత ఎంపాక్స్ వచ్చింది. కాంగోలో రోగుల మీద జరిగిన పరీక్షలో టెకోవిరిమాట్ తీసుకున్నవారి పుండ్లు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కంటే త్వరగా మానలేదని 2024 ఆగస్టులో ప్రకటించారు. జంతువులు అబద్ధం చెప్పాయనడం అన్యాయం. జంతువులకు మందు ఇచ్చింది వైరస్ ఎక్కించిన కొద్ది రోజుల్లో, గడియారం చూసుకుని. రోగి మందు దగ్గరకు వచ్చేది ఒళ్లంతా పుండ్లు తేలాక. చాందీపుర వంటి వ్యాధిలో ఈ వ్యవధి గంటల్లోకి కుదించుకుపోతుంది. సోకిన మరుక్షణం మందు ఇచ్చి బతికించిన చిట్టెలుక, మూర్ఛలతో ఆస్పత్రి మెట్లెక్కిన బిడ్డ గురించి ఏమీ చెప్పదు. లక్షణాలు మొదలైన తర్వాత మందు ఇచ్చి చూడటం ఖర్చుతో, శ్రమతో కూడిన పని. నిరుత్సాహపరిచే ఫలితాలూ ఎక్కువే. ప్రయోజనం ఉన్నది మాత్రం అందులోనే.

పంజరం చుట్టూ నియమాలు

ఈ పనికి మూల్యం జంతువులు చెల్లిస్తాయి. 1959లో బ్రిటన్ శాస్త్రవేత్తలు రస్సెల్, బర్చ్ మూడు సూత్రాలు ప్రతిపాదించారు. వీలైతే జంతువు బదులు వేరే పద్ధతి వాడాలి, వాడక తప్పకపోతే తక్కువ సంఖ్యలో వాడాలి, బాధను తగ్గించాలి. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర సంఘం వద్ద నమోదు లేకుండా, సంస్థ నైతిక సంఘం అనుమతి లేకుండా ఇటువంటి ప్రయోగం చేయరాదు. చావు దాకా వేచి చూడటం ఇప్పుడు పద్ధతి కాదు. బరువు నిర్ణీత మేరకు, చాలాచోట్ల ఐదో వంతు, తగ్గగానే జంతువుకు నొప్పి లేని మరణం ప్రసాదించాలి. ఇది జీవకారుణ్యమే కాక శాస్త్రానికీ మేలు. బాధతో ఒత్తిడికి లోనైన జంతువు రోగనిరోధక స్పందనే మారిపోతుంది.

మందుల పరీక్షల నియమాలను 2023లో సవరించి, జంతువుల స్థానంలో కణజాల నమూనాలు, అవయవాల పనిని అనుకరించే చిప్‌లు, కంప్యూటర్ అంచనాలను కూడా కేంద్రం అంగీకరించింది. వైరస్ ఒక కణంలోకి ఎలా దూరుతుందో చూడటానికి ఇవి చాలు. ఈగ కుట్టిన చోటు నుంచి మెదడు దాకా సాగే ప్రయాణాన్ని, దారిలో జ్వరాన్ని, మూర్ఛను, తల్లి పాల నుంచి వచ్చిన ప్రతిరోధకాలను ఒక చిప్ ఇంకా చూపలేదు. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా ప్రయోగశాల జంతువులను పెంచి దేశానికి అందిస్తూ వచ్చింది. జీనోమ్ వ్యాలీలో వైద్య పరిశోధన మండలి ఇందుకోసమే జాతీయ జంతు వనరుల కేంద్రాన్ని నెలకొల్పింది. అత్యంత ప్రమాదకర వైరస్‌లతో జంతు ప్రయోగం చేయాలంటే మాత్రం గాలిని వడకట్టే గదులు, ఒంటినంతా కప్పే దుస్తులు ఉన్న నాలుగో స్థాయి ప్రయోగశాల కావాలి. అక్కడ అన్నిటికంటే భయపడాల్సినవి రెండే, సూది మొన, జంతువు పన్ను.

చాందీపుర టీకాకు పెద్ద మార్కెట్ లేదు. వ్యాధి కొన్ని రాష్ట్రాల్లో, కొన్ని ఏళ్లలో, కొన్ని వారాల పాటు, మట్టి ఇళ్లలో ఉండేవారి పిల్లలకు వస్తుంది. మనుషుల్లో పెద్ద పరీక్ష జరపడానికి సరిపడా రోగులు ఒకచోట దొరకరు, దొరికినా రెండు రోజుల్లో అంతా ముగుస్తుంది. అందువల్ల అనుమతి ఎప్పటికైనా వస్తే అది చాలావరకు జంతువుల సాక్ష్యం మీదే రావాలి. అందుకు తగిన జంతువును వెతికే పని సాగుతుండగా, ప్రతి వానాకాలంలో గుజరాత్ గ్రామాల్లో సిబ్బంది ఇళ్ల గోడల పగుళ్లలో మలాథియాన్ పొడి చల్లుతున్నారు. ఇసుక ఈగలు గుడ్లు పెట్టేది ఆ పగుళ్లలోనే.